గోవాలో బోటెక్కాం, విజయనగరంలో కేసు వేయవచ్చా?

సందేహం: మాది చీపురుపల్లి. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మొన్న సంక్రాంతి సెలవులకు మేమూ, మా ఆడపడుచు వాళ్లూ కలిసి ఎనిమిది మందిమి విజయనగరంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్లాం. విశాఖపట్నంలోని ఒక ట్రావెల్ ఏజెంటు ‘మీ కుటుంబానికి మాత్రమే ప్రైవేట్ యాట్, నాలుగు గంటలు, గ్రాండ్ ఐలాండ్ దగ్గర స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్లలో ఈదడం), భోజనం, మొత్తం 44 వేలు’ అని వాట్సాప్‌లో రాశాడు. 20 వేలు యూపీఐలో ఆయనకే పంపాను. మిగతా 24 వేలు జెట్టీ దగ్గర నగదుగా తీసుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. తీరా చూస్తే అది యాట్ అనే విలాస పడవ కాదు, మామూలు టూరిస్టు బోటు. అందులో అప్పటికే పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. ఇంగ్లిషులో ఉన్న ఒక కాగితం మీద గబగబా సంతకాలు పెట్టించుకున్నారు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు లేవు. మా ఆరేళ్ల బాబుకి పెద్దవాళ్ల జాకెట్ తొడిగి నా చున్నీతో కట్టాం. నీళ్లలోకి దిగిన పది నిమిషాలకే ‘అలలు ఎక్కువగా ఉన్నాయి’ అని అందరినీ పైకి రమ్మన్నారు. ఎక్కేటప్పుడు విరిగిన నిచ్చెన మెట్టు తగిలి మా ఆడపడుచు పాదం తెగింది. బోటులో కట్టు కట్టడానికి దూది కూడా లేదు. వాస్కోలో ఆస్పత్రికి తీసుకెళితే ఐదు కుట్లు వేశారు. డబ్బు వాపసు అడిగితే ఏజెంటు ‘నేను మధ్యవర్తిని మాత్రమే, మీరు సంతకం పెట్టారు, కావాలంటే పణజీ కోర్టులో వేసుకోండి’ అంటున్నాడు. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఏమైనా చేయగలమా?

జవాబు: అమ్మా, చేయగలరు. పణజీ వెళ్లనక్కర్లేదు, విశాఖ కూడా వెళ్లనక్కర్లేదు. విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 1986 నాటి పాత చట్టం ఉన్న రోజుల్లో అవతలి పక్షం ఎక్కడ ఉంటే అక్కడికో, వ్యవహారం ఎక్కడ జరిగితే అక్కడికో మనమే పోవలసి వచ్చేది. నలభై వేల కోసం దేశం ఆ చివరికి ఎవరు వస్తారులే అని వ్యాపారులు ధీమాగా ఉండేవారు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ ధీమాకి తావు లేకుండా చేసింది. ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, ఉద్యోగం చేసుకునే చోట గానీ ఫిర్యాదు వేయవచ్చని అందులోని 34వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీరు ఉండేదీ పాఠాలు చెప్పేదీ చీపురుపల్లిలోనే కదా. గడువు రెండేళ్లు. జనవరిలో జరిగింది కాబట్టి ఇంకా పదహారు నెలలు ఉంది. అలాగని ఆగకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

మీరు సంతకం చేసిన కాగితంలో ‘వివాదాలన్నీ పణజీ కోర్టుల పరిధిలోనే’ అన్న వాక్యం ఉండి ఉంటుంది. మామూలు సివిల్ దావాలో అలాంటి షరతుకి విలువ ఉంది. వినియోగదారుల చట్టం సంగతి వేరు. మిగతా చట్టాలు చూపే దారులు ఎలాగూ ఉంటాయి, వాటికి తోడు ఇది మరో దారి అని 100వ సెక్షన్ అంటుంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (తగువును కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలన్న షరతు) ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కు రావచ్చని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది. పణజీ షరతుకీ అదే న్యాయం వర్తిస్తుందని నా అభిప్రాయం. అవతలివాళ్లు ఈ అభ్యంతరం తప్పకుండా తెస్తారు. అందుకే ఫిర్యాదులోనే పరిధి గురించి ఒక పేరా రాసి, చిరునామా రుజువు జతచేయండి.

ఇక మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టిన సంతకం సంగతి. ఈ భయంతోనే చాలామంది ఇంట్లో కూర్చుండిపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సముద్రంలోకి దిగేవాళ్లు సముద్రంతో ఉండే ప్రమాదాన్ని ఒప్పుకునే దిగుతారు. అల తోసింది, ఉప్పునీళ్లు మింగాం, జెల్లీ చేప కుట్టింది అంటే ఆ కాగితం వాళ్లను కొంత కాస్తుంది. విరిగిన నిచ్చెన మెట్టు సముద్రం తెచ్చిన ప్రమాదం కాదు, బోటు యజమాని నిర్లక్ష్యం. పిల్లల జాకెట్లు లేకపోవడమూ అంతే. అలకి బాధ్యత లేదని రాయించుకోవడం ఒకటి, తన నిర్లక్ష్యానికే బాధ్యత లేదని రాయించుకోవడం మరొకటి. వినియోగదారుడికి హాని కలిగించే నిర్లక్ష్యాన్ని ఈ చట్టం సేవాలోపం నిర్వచనంలోనే చేర్చింది. కాగితం మీద ఒక వాక్యం రాసుకుని చట్టం మోపిన బాధ్యతను చెరిపేసుకోవడం కుదరదు.

అవతలి వకీలు చేతిలో ఒక తీర్పు ఉంటుంది, అదీ మీకు తెలియాలి. 1996లో భారతీ నిట్టింగ్ కేసులో, కొరియర్ రసీదు మీద సంతకం చేసినవాళ్లు అందులోని పరిహార పరిమితికి కట్టుబడాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. దాన్ని చూపించి ‘చదివే సంతకం పెట్టారు కదా’ అంటారు. మీ జవాబు ఇలా ఉండాలి. అది వ్యాపార సంస్థ పంపిన పార్సిల్, పరిహారం ఎంతవరకు అన్నదే అక్కడి తగువు. మీది మనిషి ఒంటికి తగిలిన గాయం. పైగా ఆ కాగితం మీ ముందుకి ఎప్పుడు వచ్చింది? డబ్బంతా కట్టి, పిల్లలతో జెట్టీ మీద నిలబడ్డాక. బేరమాడే అవకాశం లేని ఏకపక్ష షరతులు అన్యాయ వ్యాపార పద్ధతేనని 2019లో పయొనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఇళ్ల కొనుగోలు కేసే అయినా సూత్రం మీకు పనికొస్తుంది.

వీటన్నిటికన్నా మీకు దగ్గరగా ఉండేది కేరళ టూరిజం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసు. కోవళంలో ఆ సంస్థ హోటల్ ఈతకొలనులో ఒక అతిథి మునిగి చనిపోయారు. అక్కడ లైఫ్‌గార్డు ఉన్నాడు, అతనికి బార్‌లో పని కూడా అప్పగించారు. కొలను దగ్గర కన్నేసి ఉంచాల్సిన మనిషికి ఇంకో పని అంటగట్టడం నిర్లక్ష్యమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 60 లక్షలకు పైగా పరిహారం వేసింది. సుప్రీంకోర్టు 2019లో దాన్ని నిలబెట్టింది. నీళ్ల దగ్గరికి డబ్బు తీసుకుని మనుషుల్ని పిలిచినవాడి మీద ఎంత జాగ్రత్త భారం ఉంటుందో ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది. దాని ప్రతి ఒకటి మీ ఫిర్యాదుతో పెట్టండి.

‘అలలు ఎక్కువగా ఉన్నాయి’ అన్న మాట దగ్గర వాళ్లు ఇరుక్కుపోతారు. నిజంగానే సముద్రం బాగాలేకపోతే అక్కడిదాకా పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లారు? బాగానే ఉంటే పది నిమిషాలకే ఎందుకు పైకి లాగారు? ఎటు చెప్పినా లోపం వాళ్లదే. మన ముక్కాం, చింతపల్లి తీరంలో వేటకి పోయే మనిషి ముందు అల చూస్తాడు, గాలి చూస్తాడు, ఆ తర్వాతే పడవ నీళ్లలోకి దించుతాడు. డబ్బు తీసుకుని ఊరుగాని ఊరివాళ్లను ఎక్కించుకున్న మనిషికి ఆ మాత్రం బాధ్యత ఉండాలి. అయితే ఒకటి. వాతావరణం చూసి ప్రాణరక్షణ కోసం ట్రిప్పు ఆపితే ఆపడం తప్పు కాదు. అందని సేవకి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వకపోవడం తప్పు. ఫిర్యాదులో ఈ రెండూ కలిపేయకండి.

మీరు ఉత్తరంతో పంపిన ఫొటోల్లో బాబుకి చున్నీ కట్టిన ఫొటో చూసి నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. జాకెట్ చెవుల దాకా ఉంది, గడ్డం కనబడటం లేదు. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు అందులోంచి కిందికి జారిపోతాడు. అందుకే పిల్లల జాకెట్లకు కాళ్ల మధ్య నుంచి తీసి బిగించే పట్టీ ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన రోజు మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మరిచిపోలేం. ‘కాలే కదా తెగింది, పోనిద్దురూ’ అని మీ బంధువులు అంటున్నారని రాశారు. పోనివ్వకండి.

‘నేను మధ్యవర్తిని’ అన్న ఏజెంటు మాటకి కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ జవాబు చెబుతుంది. మామూలుగా ఏజెంటు చేసిన ఒప్పందానికి ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడు. కానీ అసలు యజమాని ఎవరో బయటపెట్టకుండా ఒప్పందం చేస్తే అతనే బాధ్యుడని చట్టం భావిస్తుంది. మీ వాట్సాప్ సంభాషణ మొత్తం చదివాను. జెట్టీ చేరేదాకా బోటు యజమాని పేరు ఎక్కడా లేదు. ‘మా యాట్’ అని మాత్రం మూడు చోట్ల ఉంది. డబ్బూ అతని ఖాతాకే వెళ్లింది. కాబట్టి మొదటి ప్రతివాదిగా ఏజెంటునే పెట్టండి, బోటు యజమానిని రెండో ప్రతివాదిగా చేర్చండి. ఇందులో ఇంకో లాభం ఉంది. రేపు ఉత్తర్వు వచ్చాక డబ్బు వసూలు చేసుకోవడానికి గోవాలో మనిషిని వెతకడం కన్నా విశాఖలో దుకాణం ఉన్న మనిషిని పట్టుకోవడం తేలిక. మీ ఆడపడుచు గారు డబ్బు కట్టకపోయినా సేవ వాడుకున్నారు కాబట్టి ఆవిడా వినియోగదారే. గాయం ఆవిడది, రెండో ఫిర్యాదుదారుగా ఆవిడ సంతకం కూడా ఉండాలి.

మీ కేసులో బలహీనతలు లేకపోలేదు. 24 వేలకి రసీదు లేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అన్యాయ వ్యాపార పద్ధతేనని కొత్త చట్టం అంటోంది గానీ, కట్టారని చూపే భారం మీదే. ఆ ఉదయం ఏటీఎంలో 25 వేలు తీసిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉందన్నారు, అది పెట్టండి. ‘అంతమందిని చూసి కూడా ఎందుకు ఎక్కారు?’ అని తప్పక అడుగుతారు. దీనికి మీ దగ్గర మంచి సాక్ష్యం ఉంది. జెట్టీ మీద నుంచే మీరు ఏజెంటుకి పంపిన వాయిస్ మెసేజి. ‘ప్రైవేట్ అన్నారు, ఇంతమంది ఉన్నారేంటండీ’ అని మీరు అడగడం, దానికి అతను ‘ఈ ఒక్కసారికి సర్దుకోండి మేడం, నేను చూసుకుంటాను’ అనడం. నా లెక్కలో ఈ కేసుకి ప్రాణం అదే. ఆ ఫోను అమ్మకండి, వాట్సాప్ తీసి మళ్లీ వేయకండి. సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రింటు తీసి, భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన చట్టం) 63వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రింటు మీ ఫోనులోదేనని తెలిపే ధ్రువపత్రం జతచేయండి.

ఎంత అడగాలి? కట్టిన 44 వేలు, ఆస్పత్రి బిల్లులు, గాయానికీ మనోవేదనకీ కలిపి ఒక లక్ష, ఖర్చులకి పదివేలు. పాతిక లక్షలు అడగమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. మీరు బోటు ఎక్కారు, భోజనం చేశారు కాబట్టి 44 వేలూ పూర్తిగా రాకపోవచ్చు కూడా. కమిషన్ పరిధిని మీరు కట్టిన సొమ్మును బట్టి చూస్తారు గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. జిల్లా కమిషన్‌కి 50 లక్షల దాకా పరిధి ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. వకీలు కూడా అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. ప్రతివాదులు నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. మధ్యలో రాజీకి పిలిస్తే వెళ్లండి. డబ్బూ ఆస్పత్రి ఖర్చూ చేతిలో పెడతానంటే ఒప్పుకోవడం నామోషీ కాదు.

పోలీసు కేసు గురించి మీ వారు అడిగారు. కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుని, ప్రాణాపాయం కలిగేంత అధ్వాన్నంగా ఉన్న పడవలో గానీ, అంత కిక్కిరిసిన పడవలో గానీ తీసుకెళ్లడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 284వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వగల ఫిర్యాదు) చీపురుపల్లి స్టేషన్‌లోనే ఇవ్వవచ్చు, వాళ్లు గోవాకి బదిలీ చేస్తారు. కానీ ఆ బోటుకి అనుమతి ఎంతమందికి ఉందో తెలియకుండా 22 మంది ఎక్కువని మనం అనలేం. ఆ సంగతి తేలేదాకా ఆగండి.

అది తేల్చే దారి మీ ఫొటోల్లోనే ఉంది. మీరు పంపిన వాటిలో మీ మేనకోడలు రెయిలింగ్ పట్టుకుని నవ్వుతున్న ఫొటో ఉంది చూడండి. ఆ పాప భుజం వెనక బోటు పక్కన తెల్లరంగుతో రాసిన రిజిస్ట్రేషన్ నంబరు సగం కనబడుతోంది. మిగతా సగం ఇంకెవరి ఫోనులోనైనా ఉంటుంది, ఎనిమిది మంది ఫోన్లూ వెతకండి. ఆ నంబరుతో పడవల వ్యవహారాలు చూసే గోవా ప్రభుత్వ కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి యజమాని పేరు, చిరునామా, ఎంతమందికి అనుమతి, చివరి తనిఖీ తేదీ అడగండి. ఆలస్యం వద్దన్నది ఇందుకే. ఫోన్లు మారతాయి, ఫొటోలు పోతాయి, బోటు చేతులు మారుతుంది. జవాబు రావడానికి 30 రోజులు పడుతుంది. అదే రోజు ఏజెంటుకి 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, దాని ఫొటో వాట్సాప్‌లో కూడా పెట్టండి. నోటీసు తప్పనిసరి కాదు గానీ చాలామంది డబ్బు తిరిగిచ్చేది ఆ దశలోనే. ఇవ్వకపోతే, గోవా నుంచి జవాబు వచ్చేసరికి మీ ఫిర్యాదు కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయి.