పాఠశాలకు నీటిశుద్ధి యంత్రం కోసం సేవా క్లబ్బును అడిగే ముందు

మీరు మూడు విషయాలు అడిగారు. పాకాల దగ్గర మీ ఊరి ఉన్నత పాఠశాలలో బోరు నీళ్లు ఉప్పుగా ఉన్నందున నీటిశుద్ధి యంత్రం కోసం తిరుపతిలోని రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బులను ఎలా అడగాలన్నది మొదటిది. ఆ క్లబ్బులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండవది. సభ్యత్వం లేకపోయినా మీ యువజన సంఘం వారితో కలిసి పనిచేయవచ్చా అన్నది మూడవది. నేను తిరుపతిలో అటువంటి ఒక క్లబ్బులో పద్నాలుగేళ్లుగా సభ్యుణ్ణి. మూడేళ్లు కోశాధికారిగా, ఒక ఏడాది కార్యదర్శిగా పనిచేశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పాలి. మీరు ఇప్పుడు అడుగుతున్న యంత్రాన్నే మేము ఒకప్పుడు ఒక పాఠశాలకు ఇచ్చాము, అది నిలవలేదు. చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో టెంకాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, పిల్లలకు మిఠాయిలు పంచి, మంచి పని చేశామన్న తృప్తితో తిరిగి వచ్చాము. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద అటు వెళ్లి చూస్తే యంత్రం ఉన్న గదికి తాళం వేసి ఉంది. ఆయా వచ్చి తాళం తీసింది. బురదను ఆపే తొలి ఫిల్టరు గొట్టంలో కాఫీపొడి రంగు బురద గట్టిపడి ఉంది, కుళాయిల మూతుల చుట్టూ ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది, నీళ్లు కారకుండా ఎప్పుడో చుట్టిన గుడ్డపీలిక ఎండి కర్రలా మారింది. పిల్లలు మాత్రం గేటు బయట చేతిపంపు దగ్గర సీసాలు నింపుకుంటున్నారు. ప్రధానోపాధ్యాయురాలు ఎంతో మొహమాటపడుతూ, "సార్, ఫిల్టర్లు మార్చాలంటే ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. యంత్రం అమ్మినవాళ్లకు ఫోను చేస్తే గ్యారంటీ గడువు అయిపోయింది, డబ్బు కట్టమన్నారు. ఏ పద్దు కింద కట్టమంటారు?" అన్నారు. ఆమె తప్పేమీ లేదు. అప్పగించే రోజున ఆ ప్రశ్న మేమే వేసుకుని, జవాబు రాసి ఇచ్చి ఉండవలసింది. అందుకే ఇప్పుడు ఏ అర్జీ వచ్చినా ఎంత కావాలన్న వివరం కంటే ముందు, ఇచ్చిన తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారన్న వివరం కోసం వెతుకుతాను. మీ ఉత్తరంలో ఆ వివరం స్పష్టంగా ఉంటే మీ పని సగం అయినట్టే.

ఇక డబ్బు సంగతి. చాలామంది అనుకున్నట్టు క్లబ్బు దగ్గర పెద్ద నిధి ఏదీ సిద్ధంగా ఉండదు. సభ్యుల చందా సమావేశాలకు, కార్యాలయ ఖర్చులకు, పై సంస్థకు కట్టవలసిన రుసుముకు పోతుంది. సేవా కార్యక్రమాలకు ప్రజల నుంచి సేకరించిన డబ్బు వేరు. లయన్స్ నియమాల ప్రకారం ప్రజల నుంచి వచ్చిన సొమ్మును క్లబ్బు సొంత నిర్వహణకు వాడుకోకూడదు, కాబట్టి రెండింటికీ లెక్కలు వేర్వేరుగా ఉంచాలి. కోశాధికారిగా ఉన్న మూడేళ్లూ నేను ఈ గీత దాటకుండా చూసుకున్నాను. ఒకసారి సమావేశం భోజనాల బిల్లును తాత్కాలికంగా సేవా ఖాతా నుంచి కట్టి తర్వాత సర్దుదామని ఒక సభ్యుడు అంటే, అందరి ఎదుటే వద్దన్నాను. దాత మనకు డబ్బిచ్చింది పిల్లల నీళ్లకో, అవ్వల కళ్లకో. తాత్కాలికంగా కూడా దాన్ని మరో పనికి మళ్లించకూడదు.

పై సంస్థల ఫౌండేషన్లు ఒక్కో పనికి మంజూరు చేసే గ్రాంట్లు ఇందుకు భిన్నమైనవి. రోటరీ ఫౌండేషన్‌కు బీజం 1917లో పడింది, దానికి అందిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు సభ్యులు వార్షిక నిధికి ఇచ్చే డబ్బులో దాదాపు సగం మూడేళ్ల తర్వాత వారి డిస్ట్రిక్టుకే తిరిగి వస్తుంది. ఇక్కడ డిస్ట్రిక్టు అంటే మన కలెక్టరు గారి జిల్లా కాదు, అనేక జిల్లాల్లోని క్లబ్బుల సమూహం. అలా తిరిగి వచ్చినదానిలో కొంత చిన్న పనుల కోసం డిస్ట్రిక్టు గ్రాంట్లుగా ఇస్తారు. గ్లోబల్ గ్రాంటు అంటే కనీసం 30,000 డాలర్ల బడ్జెట్టు ఉన్న పని కావాలి, మరో దేశంలోని క్లబ్బో డిస్ట్రిక్టో భాగస్వామిగా ఉండాలి, స్థానికుల అవసరాన్ని ముందే అధ్యయనం చేసి చూపించాలి. ఒక్క పాఠశాలలో ఒక్క యంత్రం దానికి సరిపోదు. లయన్స్ వారి అంతర్జాతీయ ఫౌండేషన్ 1968లో ఏర్పడింది. ప్రత్యేకంగా ఫలానా పనికని చెప్పకుండా ఇచ్చిన విరాళాల్లో 15 శాతాన్ని క్లబ్బులకు, డిస్ట్రిక్టులకు స్థానిక సేవ కోసం గ్రాంటుగా తిరిగి ఇచ్చే ఏర్పాటు వారిలో ఉంది. మీవంటి పనికి ఈ చిన్న గ్రాంట్లు గానీ, క్లబ్బు సొంత సేవా ఖాతా గానీ సరైన దారి.

ఇక్కడ ఒక హెచ్చరిక. రోటరీ గ్రాంటు ఇప్పటికే పూర్తయిన పనికి రాదు. పుత్తూరు దగ్గర ఒక ఊరివారు క్లబ్బు తప్పక ఇస్తుందన్న నమ్మకంతో అప్పు తెచ్చి మరుగుదొడ్లు కట్టించి, బిల్లులు పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. వారి శ్రమ నిజమైనదే, బిల్లులూ నిజమైనవే, అయినా గ్రాంటు ఇప్పించలేకపోయాము. చివరకు సభ్యులు తలా కొంత వేసుకుని అప్పులో కొంత భాగం తీర్చారు. మంజూరు కాగితం చేతికి రాకముందు పని మొదలుపెట్టకండి, బయానా కూడా ఇవ్వకండి.

క్లబ్బు సొంత సేవా ఖాతా ఎలా నిండుతుందో కూడా తెలిస్తే మీరు అడిగే తీరు మారుతుంది. ఒక ఏడాది మహతి ఆడిటోరియంలో సంగీత విభావరి పెట్టి టిక్కెట్లు అమ్మాము. హాలు నిండింది, పాటలు బాగున్నాయి. ఖర్చులన్నీ పోగా మిగిలినది టిక్కెట్ల మొత్తంలో మూడో వంతు కూడా లేదు. తర్వాతి ఏడాది మా మహిళా సభ్యులు పాత పేపర్ల సేకరణ మొదలుపెట్టారు. నెలకొక ఆదివారం రెండు ఆటోలు మాట్లాడుకుని భవానీనగర్, కొర్లగుంట వీధుల్లో ఇంటింటికీ వెళ్లి, కాటా మీద తూచి, ఇంటివారి ఎదుటే నోటుపుస్తకంలో బరువు రాసుకుని తెచ్చేవారు. ఆదాయం చిన్నదే. అయినా ఖర్చు దాదాపు లేదు, ప్రతినెలా వచ్చేది, పైగా ఇచ్చిన ఇల్లు ప్రతిదీ తమ పేపర్లు దేనికి పనికొచ్చాయని అడిగేది. ఏడాదికొక పెద్ద కార్యక్రమం కంటే ఇటువంటి సన్నటి ధారే సేవా ఖాతాకు మేలని నా గట్టి అభిప్రాయం. మీ సంఘం కూడా ఊళ్లో విరాళాలు సేకరించదలిస్తే వరుస సంఖ్యలు అచ్చువేసిన రసీదు పుస్తకం ఒకటి ముందుగా చేయించుకోండి. పన్ను మినహాయింపు కోరే దాతలు ఉంటే వారి విరాళాన్ని ఆదాయపు పన్ను శాఖ నుంచి అందుకు అనుమతి (80జి అనుమతిగా పేరుపడినది) ఉన్న ట్రస్టు ద్వారానే తీసుకోవాలి. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని 2017లో నియమం మార్చారు, కాబట్టి చెక్కు గానీ ఆన్‌లైన్ చెల్లింపు గానీ అడగండి.

శ్రీసిటీ పారిశ్రామికవాడలోని కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధుల సంగతి కూడా చెబుతాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు అందుకుని పని చేపట్టే సంస్థలు మాత్రం 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వద్ద సీఎస్ఆర్-1 పత్రంతో నమోదై ఉండాలి. రిజిస్ట్రేషను లేని యువజన సంఘానికి అది నేరుగా రావడం కష్టం. ఆ అర్హత ఉన్న ట్రస్టు ద్వారా వెళ్లడమే మార్గం.

మూడవ ప్రశ్నకు నా జవాబు, తప్పకుండా కలిసి పనిచేయవచ్చు. నిజం చెప్పాలంటే డబ్బు కంటే మనుషుల కొరతే మాకు ఎక్కువ. కంటి శిబిరాన్ని ఉదాహరణగా తీసుకోండి. ఊరికి వైద్యబృందాన్ని పిలిపించడం, శుక్లాలు ఉన్నవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకువెళ్లడం, ఆపరేషను అయ్యాక తిరిగి దింపడం, ఇంతవరకు మేము చేయగలం. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కంట్లో చుక్కలు వేయాలి. ఒక శిబిరం తర్వాత ఒంటరిగా ఉండే ఒక అవ్వను ఇంటి దగ్గర దింపుతుంటే, ఆమె మందు సీసాను గుప్పిట్లో పట్టుకుని, "నాయనా, ఇది నాకు ఎవురు ఏస్తారు?" అని అడిగింది. మా జాబితాలో ఆమె పేరు, వయసు, ఫోను నంబరు గడిలో పక్కింటివారి నంబరు అన్నీ ఉన్నాయి, ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ముందుకొచ్చి, కాలేజీకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చుక్కలు వేసింది. ఆ శిబిరంలో అందరికంటే విలువైన సేవ ఆమెదే. అప్పటి నుంచి శిబిరానికి ముందే ప్రతి రోగి పేరు పక్కన చుక్కలు వేసే మనిషి పేరు రాస్తున్నాము. మీ సంఘంలో పదిమంది పిల్లలు ఈ పనికి సిద్ధమని చెబితే ఏ క్లబ్బైనా సంతోషంగా మీ ఊళ్లో శిబిరం పెడుతుంది.

రక్తదానంలోనూ ఇంతే. ఆగస్టు 15న అందరూ శిబిరాలు పెడతారు. ప్లేట్‌లెట్లు నిలవ ఉండేది ఐదు రోజులే కాబట్టి వానాకాలంలో డెంగీ జ్వరాలు ముదిరి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రోగుల బంధువులు పరుగులు పెట్టేనాటికి ఆ రోజు ఇచ్చినవి మిగలవు. ఒకే రోజున ఎనభై మంది ఇవ్వడం కంటే పిలిచినప్పుడు వచ్చే ఎనభై మంది జాబితా ఉండటం మేలు. 2021 నవంబరు వరదల్లో, రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చి చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించిన రోజుల్లో కూడా అదే చూశాను. పులిహోర పొట్లాలు అందరూ తెచ్చారు, రెండో రోజుకే మిగిలిపోయాయి. దుప్పట్లు, ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, నీళ్లు తగ్గాక ఇళ్లు కడగడానికి బ్లీచింగ్ పొడి కావాలని ఒక అంగన్‌వాడీ టీచరు చెప్పేదాకా మాకు తోచలేదు.

మళ్లీ మీ నీళ్ల దగ్గరకు వస్తాను. మొదటి పాఠశాలలో దెబ్బతిన్న తర్వాత రెండో చోట వేరే పద్ధతి పాటించాము. యంత్రం ఖర్చు క్లబ్బు భరించింది. దానితోపాటు పూర్వ విద్యార్థులు, ఊరివారు కలిసి కొంత మొత్తం పోగుచేసి, పాఠశాల తల్లిదండ్రుల కమిటీ పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. దాని వడ్డీతో బురదను ఆపే తొలి ఫిల్టర్లు మారుస్తారు, రెండు మూడేళ్లకొకసారి మెంబ్రేన్ (ఉప్పును ఆపే సన్నటి పొర) మార్చడానికి కూడా అందులోనే దాచుకుంటారు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, పాడైతే ఎవరికి ఫోను చేయాలో ఒక పేజీ ఒప్పంద పత్రంలో రాసి ప్రధానోపాధ్యాయుడు, కమిటీ, క్లబ్బు సంతకాలు పెట్టారు. కుళాయి పక్కన మేకుకు వేలాడదీసిన నోటుపుస్తకంలో తొమ్మిదో తరగతి పిల్లలు వారానికొకసారి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు రీడింగు రాస్తారు. అంకె పెరగడం మొదలవగానే ఫిల్టరు సంగతి పెద్దవాళ్లకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. నాలుగేళ్లు దాటింది, ఆ కుళాయి నడుస్తోంది.

మీరు చేయవలసినది క్రమంగా చెబుతాను. రోటరీ, లయన్స్ క్లబ్బుల ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది, కొత్త కార్యవర్గం ఏడాది పనులను మే, జూన్ నెలల్లోనే అనుకుంటుంది. కాబట్టి మీ ఉత్తరం అప్పటికి చేరాలి. ఉత్తరం రెండు పేజీలు దాటనవసరం లేదు. పిల్లల సంఖ్య, ఇప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తాగుతున్నారు, బోరు వేసవిలో ఎంతసేపు పోస్తుంది, గదికి తాళం, కరెంటు ఉన్నాయా, ఊరి వాటా ఎంత, చూసుకునే మనుషులు ఎవరు అన్నవి ఉండాలి. అదే పనికి ప్రభుత్వ పథకంలో ఇప్పటికే మంజూరు ఉందేమో మండల విద్యాధికారి కార్యాలయంలో కనుక్కుని ఆ మాట కూడా రాయండి. ఉప్పును తొలగించే ఆర్‌వో రకం యంత్రం, తనలోకి వచ్చిన నీళ్లలో చాలా భాగాన్ని ఉప్పునీళ్లుగా బయటకు వదిలేస్తుంది, ఆ నీళ్లను మరుగుదొడ్లకు మళ్లించే పైపు గురించి ఆలోచించండి.

అన్నిటికంటే ముందు, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణంలో కరిగిన లవణాలకు కోరదగిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనిచోట 2,000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడుకు ఒక మిల్లీగ్రాము హద్దు, గత్యంతరం లేనిచోట ఒకటిన్నర. మీ నీళ్లు ఈ హద్దుల్లో ఉండి క్రిములే సమస్య అయితే ఆర్‌వో అక్కరలేదు, క్లోరినేషను గానీ యూవీ ఫిల్టరు గానీ చాలు, నిర్వహణ కూడా తేలిక. ఆ పరీక్ష కాగితాన్నే మీ ఉత్తరానికి మొదటి పేజీగా జతచేయండి.