వర్షాకాలంలో శ్రీలంక చూడవచ్చా?

వర్షాకాలంలోనూ శ్రీలంకను హాయిగా చూడవచ్చు, కాకపోతే ఆ నెలలో వాన ఏ వైపు కురుస్తుందో తెలుసుకుని దానికి రెండో వైపు వెళ్లాలి. ద్వీపం మధ్యలో 2,524 మీటర్ల పిదురుతలగల శిఖరంతో లేచిన కొండలు మేఘాలకు అడ్డుగోడగా నిలుస్తాయి కనుక, మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు నైరుతి వైపున్న కొలంబో, గాలే నగరాల వైపే కురిసి, కొండలు దాటేసరికి తేమ కోల్పోయి తూర్పున పొడిగాలులుగా వీస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాలతో ఇది తారుమారవుతుంది.

ఉదాహరణకు, ఆగస్టులో గాలే కోట వానకు తడుస్తున్న రోజుల్లోనే, కొండలకు అవతలి పొడి ప్రాంతంలో ప్రాచీన లంక రాజు మహాసేన కట్టించిన మిన్నేరియా చెరువులో నీరు తగ్గి, బయటపడిన నేల మీద లేత గడ్డి మొలుస్తుంది. దానికోసం వందలాది అడవి ఏనుగులు చేరి, గడ్డిని కాలితో తన్ని పెకలించి, తొండంతో దులిపి, మన్ను రాల్చుకుని తింటాయి. తప్పక చూడవలసిన దృశ్యమది. తూర్పు తీరాన ట్రింకోమలీలో సముద్రం కూడా అప్పుడు ప్రశాంతంగానే ఉంటుంది.

జూన్ రాగానే మన దగ్గరలాగే లంక అంతటా వానలు పట్టుకుంటాయని చాలామంది పొరబడి ప్రయాణం మానుకుంటారు. నిజానికి దాదాపు ద్వీపమంతా వానలు పడేది అక్టోబరు, నవంబరు నెలల్లో.