మెడ్లీలో మొదటి 50 మీటర్లకే అలసట

ప్రశ్న: నా వయసు 41. వారానికి మూడు రోజులు, గంట చొప్పున ఈత కొడతాను. ఫ్రీస్టైల్ బాగానే వస్తుంది. ఈమధ్య మాస్టర్స్ (పెద్దవాళ్ల) పోటీల్లో 200 మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లీ, అంటే ఒక్కరే బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత), బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ వరుసగా 50 మీటర్ల చొప్పున కొట్టే రేసు, మొదలుపెట్టాను కానీ బటర్‌ఫ్లై అయ్యేసరికే చేతులు బరువెక్కిపోతున్నాయి, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అందరూ నన్ను దాటిపోతున్నారు. బటర్‌ఫ్లై ఇంకా ఎక్కువ దూరం ప్రాక్టీస్ చేయాలా?

జవాబు: వద్దండీ. అలిసిపోయి కొట్టే బటర్‌ఫ్లైతో తప్పుడు అలవాట్లు పడతాయి, భుజాలు కూడా పట్టేస్తాయి. 25 మీటర్లు శుభ్రంగా కొట్టండి, ఆగండి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ 25 కొట్టండి. ఊపిరి కోసం తల పైకి ఎత్తేస్తే నడుము కిందికి దిగిపోతుంది, మీ బలమంతా పోయేది అక్కడే, కాబట్టి గడ్డం నీటిని రాసుకుంటూ ముందుకు పోయేలా చూసుకోండి. ప్రతి స్ట్రోక్‌కీ ఊపిరి తీసుకున్నా ఏం ఫర్వాలేదు. పోటీలో మొదటి 25 మీటర్లు మీకే మరీ నెమ్మది అనిపించాలి, పక్క లేన్‌వాళ్లు ముందుకెళ్తుంటే వెళ్లనివ్వండి.

అసలు ఎక్కువ సమయం ఆదా చేసుకోగలిగేది బ్రెస్ట్‌స్ట్రోక్‌లో. నాలుగింట్లో చాలామందికి నెమ్మదైనది అదే, అంటే రేసులో ఎక్కువసేపు ఉండేది దాంట్లోనే, కాస్త మెరుగుపడినా సెకన్లలో తేడా కనిపిస్తుంది. తాజాగా ఉన్నప్పుడు 25 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో లెక్కపెట్టుకోండి, తర్వాత మెడ్లీ మధ్యలో లెక్కపెట్టండి. సంఖ్య బాగా పెరిగిందంటే కిక్ కొట్టాక శరీరం సాగి జారే ఆ క్షణాన్ని మీరు కోసేస్తున్నారన్నమాట. ఇంకోటి, గోడ నుంచి తోసుకున్నాక నీటి కింద చేతుల్ని తొడల దాకా ఒకసారి లాగొచ్చు, ఒక డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి బటర్‌ఫ్లైలో కొట్టే కిక్), ఆపైన ఒక బ్రెస్ట్ కిక్ కూడా కొట్టొచ్చు. చాలామంది ఊపిరి ఆడక దీన్ని సగంలో వదిలేసి పైకి వచ్చేస్తారు. ఉచితంగా వచ్చే దూరం అది, దయచేసి వదులుకోకండి.

నాలుగు స్ట్రోకులూ విడివిడిగా నేర్చుకున్నంత మాత్రాన మెడ్లీ రాదు, ఒకదాని అలసటతో ఇంకోదాంట్లోకి వెళ్లడం విడిగా సాధన చేయాలి. 25 మీటర్ల పూల్‌లో అయితే ఒక 50లో సగం బటర్‌ఫ్లై సగం బ్యాక్, తర్వాతి 50లో బ్యాక్ నుంచి బ్రెస్ట్, ఆ తర్వాత బ్రెస్ట్ నుంచి ఫ్రీ, ఇలా కొట్టండి. బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కి మారేటప్పుడు గోడ తాకేదాకా వెల్లకిలే ఉండాలి, ముందే బోర్లా తిరిగితే డిస్‌క్వాలిఫై చేస్తారు. గోడకి 5 మీటర్ల ముందు పైన కట్టిన జెండాలు కనబడగానే మీకు ఎన్ని స్ట్రోకులు పడతాయో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే గోడ ఎక్కడుందోనన్న టెన్షన్‌తో తల తిప్పి చూస్తారు, వేగమంతా అక్కడే చచ్చిపోతుంది. బటర్‌ఫ్లై, బ్రెస్ట్ ముగించేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి తాకాలన్నది కూడా అలసటలో మర్చిపోతారు, ప్రాక్టీస్‌లోనే అలవాటు చేసుకోండి.

మీ మూడు రోజుల్లో ఒకరోజు బ్రెస్ట్‌స్ట్రోక్‌కి, ఒకరోజు ఈ మార్పులకి ఇవ్వండి. మూడో రోజు ఎక్కువగా ఫ్రీస్టైల్, బ్యాక్ కొట్టండి, దమ్ము పెరుగుతుంది. వచ్చే పోటీలో ప్రతి 50కీ పట్టిన సమయాన్ని ఎవరితోనైనా విడిగా రాయించుకోండి. మొత్తం టైమ్ తగ్గకపోయినా బ్రెస్ట్, ఫ్రీ టైమ్‌లు తగ్గాయంటే సరైన దారిలోనే ఉన్నట్టు, అప్పుడు బటర్‌ఫ్లైని కొంచెం కొంచెంగా పెంచొచ్చు.