వెండిలోంచి వెలుతురు చూడాలనే అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మూడు తరాలుగా కంసాలి పని. మా అమ్మాయి ప్లస్ త్రీ (డిగ్రీ)లో ఫిజిక్స్ ఆనర్స్, మూడో ఏడాది. గాజు మీద చాలా పల్చగా వెండి పూస్తే దాంట్లోంచి వెలుతురూ పోతుంది, కరెంటూ పారుతుంది, నేను అదే చదువుతానంటోంది. 40 ఏళ్లుగా వెండితోనే నా బతుకు, దాంట్లోంచి వెలుతురు రావడం ఏనాడూ చూడలేదు. ఇది తిండి పెట్టే చదువేనా? మా బావమరిది బీఈడీ చేయించమంటున్నాడు.

జవాబు: అయ్యా, ముందుగా మీ అమ్మాయి మాట నిజమేనని చెప్పాలి. మీ దగ్గర పటాలకు అంటించే అసలు బంగారు రేకు ఉంటే దీపానికి ఎదురుగా పట్టి చూడండి. ఆకుపచ్చటి వెలుగు ఇవతలికి వస్తుంది. మైకేల్ ఫారడే 1857లో దీని మీదే పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రేకు మందం సుమారు 100 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మీ అమ్మాయి చెప్పే వెండి పొర అందులో పదో వంతు, అంటే అణువుల వరసలు 40 దాకా. మీ లెక్కలో చెబుతాను: 10 గ్రాముల వెండిని అంత పల్చగా పూస్తే వెయ్యి చదరపు అడుగుల గాజుకు సరిపోతుంది. తరుగు వేరే. అది మీ పనిలోకన్నా ఇక్కడే ఎక్కువ, పొర పూసే యంత్రం గోడలకే బోలెడంత అంటుకుపోతుంది.

ఎందుకీ అవస్థ అంటారా? మీ ఫోన్ తెర మీద ఇప్పటికే అలాంటి పొర ఉంది, కాకపోతే వెండి కాదు. ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు. దాన్ని ఐటీఓ అంటారు. ఇండియం ప్రత్యేకంగా తవ్వితే దొరికేది కాదు, జింకు శుద్ధి చేసేటప్పుడు పక్కన కొద్దిగా వస్తుంది. పైగా ఐటీఓ పెళుసు, వంచితే బీటలిస్తుంది. మడిచే తెరలకు, వంగే సోలార్ పలకలకు ఇంకోటి కావాలి. వెండి వంగుతుంది, కరెంటును దాన్ని మించి మోసే లోహం లేదు.

కానీ గాజు మీద వెండి నిలవదు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా ముద్దకడుతుందో వెండి అణువులూ అలాగే ఒకదాన్నొకటి పట్టుకుని గుట్టలు గుట్టలుగా చేరతాయి. గుట్టల మధ్య ఖాళీ ఉంటే కరెంటు పారదు. అవి కలిసిపోయే దాకా పూస్తూ పోతే పొర మందమై వెలుతురు తగ్గుతుంది. అందుకని వెండికి ముందు జెర్మేనియమో, ఇంకొకటో ఒక నానోమీటరు పూస్తారు. టంకం పట్టాలంటే మీరు ముందు వెలిగారం వెయ్యరూ? రసాయనం వేరు, ఉపాయం మాత్రం అలాంటిదే. ఆ తర్వాత కిందా పైనా జింక్ ఆక్సైడు లాంటి పారదర్శక పొరలు ఒక్కోటి 40 నానోమీటర్ల చొప్పున పెడితే, వెండి అద్దంలా వెనక్కి కొట్టే వెలుతురు చాలావరకు తగ్గి లోపలికి పోతుంది. ఏ పొర ఎంత మందం ఉండాలన్నదే డిజైను. వెండి నల్లబడకుండా కాపాడటం ఇంకో తలనొప్పి. గాలిలోని గంధకం వెండినేం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక తిండి సంగతి. వెలుతురునూ కరెంటునూ పోనిచ్చే ఇలాంటి పొరలను పారదర్శక వాహకాలంటారు. 'పారదర్శక వాహక నిపుణులు కావలెను' అని పేపర్లో ప్రకటన రాదు. ఉద్యోగం పేరు కోటింగ్ ఇంజనీరనో, ప్రాసెస్ ఇంజనీరనో ఉంటుంది. పెద్ద భవనాలకు వేసే వేడి ఆపే గాజు మీద ఉండేదీ ఈ 10 నానోమీటర్ల వెండి పొరే. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో సెయింట్ గోబైన్ అలాంటి కోటింగ్ గాజు చేస్తోంది. అదే ప్రాంతంలో సోలార్ పలకలు చేసే ఫస్ట్ సోలార్ ఫ్యాక్టరీ 2024 జనవరిలో మొదలైంది. మన భువనేశ్వర్ దగ్గర సెమీకండక్టర్ ప్లాంట్లకు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వాటిని నమ్ముకుని చదువు ఎంచుకోవద్దు. వస్తే మంచిదే. ఒట్టి ఎమ్మెస్సీ పట్టా చూసి మాత్రం వీళ్లెవరూ పిలవరు. గాలి తీసేసి పొర పూసే వాక్యూమ్ యంత్రం మీద చెయ్యి తిరిగిందా అని అడుగుతారు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. అమ్మాయి సబ్జెక్టు ఎంచుకుంది, ఇప్పుడు ల్యాబు ఎంచుకోవాలి. కాలేజీ పేరుకన్నా అదే ముఖ్యం. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు బ్రోచర్లో అలా పొర పూసే స్పటరింగ్ యంత్రం ఫొటో చూసి ఓ కాలేజీలో చేరాడు. పంపు పాడై ఆ యంత్రం రెండేళ్లూ గుడ్డ కప్పుకునే ఉంది! ఆ పట్టా పట్టుకుని వాడు ఇప్పటికీ నన్ను తిడుతుంటాడు. చేరేముందు అక్కడ చదివే పిల్లలకు ఫోన్ చేసి మూడే అడగండి: కోటింగ్ యంత్రం నడుస్తోందా, ఎమ్మెస్సీ వాళ్లను ముట్టుకోనిస్తారా, పొర నిరోధం కొలిచే నాలుగు సూదుల పరికరం ఉందా.

మీ ఊళ్లోనే కేంద్ర ప్రభుత్వ సైన్సు సంస్థ ఐసర్ ఉంది, 2016లో వచ్చింది. దాని అయిదేళ్ల కోర్సు ప్లస్ టూ తర్వాత చేరాల్సింది, అది దాటిపోయింది. ఇప్పుడు ఆమె రాయాల్సింది జామ్, ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష. ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సెప్టెంబరులోనే మొదలవుతాయి కాబట్టి ఆలస్యం చెయ్యకండి. ఆ ర్యాంకుతో ఐఐటీ భువనేశ్వర్, రూర్కెలా ఎన్‌ఐటీలకు ప్రయత్నించవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఇంకో ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ జాతీయ పరీక్షల్లో మన సరిహద్దు తెలుగువాళ్లకు లోకల్, నాన్‌లోకల్ గొడవ ఉండదు. అవేవీ రాకపోతే భంజ విహార్‌లో మీ బరంపురం యూనివర్సిటీ ఉండనే ఉంది. అక్కడ చేరి ప్రాజెక్టు మాత్రం యంత్రం ఉన్నచోట చేసుకునేలా చూసుకోవాలి.

పీహెచ్‌డీ అంటే భయపడకండి. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. మీరు పంపక్కర్లేదు. అయిదేళ్లు పట్టడం మాత్రం ఖాయం, పెళ్లి మాటలు వచ్చినప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి. మీ బావమరిది గారి సలహాను నేను కొట్టిపారెయ్యను. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చెయ్యవచ్చు. ఇప్పుడు అందులో చేరితే ల్యాబుకు రెండేళ్లు దూరమైపోతుంది. 'నానో టెక్నాలజీ సర్టిఫికెట్' అని ఆన్‌లైన్‌లో వేలకు వేలు అడిగే కోర్సులకు పైసా కట్టకండి.

దానికి బదులు ఈ సెలవుల్లో ఒక పని చెయ్యమనండి. మూడు పొరల్లోంచి ఎంత వెలుతురు పోతుందో లెక్కకట్టే ప్రోగ్రాం పైథాన్‌లో రాయడం. ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ పద్ధతి అంటారు, ఆమె ఆప్టిక్స్‌తోనే అర్థమవుతుంది. పాత ల్యాప్‌టాప్ చాలు. వెండి మందం 6 నుంచి 16 నానోమీటర్ల దాకా మార్చి గ్రాఫు గీసి, దాన్ని జతచేసి అయిదారుగురు ప్రొఫెసర్లకు ఈమెయిల్ పెట్టాలి. పది వాక్యాలు మించకూడదు. రెండు వారాల్లో జవాబు రాకపోతే మళ్లీ పంపాలి, మొహమాటం వద్దు. నాన్నది వెండి పని అని అందులో ఒక ముక్క రాసినా తప్పు లేదు.