రాయి చెక్కించే ముందు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవులకి ఊరొచ్చి ముత్తాత పేరున రాయి వేయిస్తావట, చిన్న పుస్తకం కూడా అచ్చు వేయిస్తావట. మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇంతమందిమి ఉండి, ఇన్నేళ్ళకి అది తోచింది నీకు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఆ సంతోషంలో సగం భయమైంది. పుస్తకంలో తప్పు పడితే మళ్ళీ అచ్చేసినప్పుడు దిద్దుకోవచ్చు. గ్రానైటు మీద పడిన తప్పు మన తర్వాత కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి శిల్పికి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చెయ్యి, వెనకవైపు కూడా. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత ఉండేది అక్కడే. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని లాగకు, అద్దంతోనే స్కాన్ చెయ్యి. కాగితం ఏది దొరికినా లామినేషన్ చేయించకు, ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, ఊడితే సిరాతో సహా ఊడుతుంది. సెల్లోటేపు వద్దు. కాపీలు మూడు చోట్ల ఉంచు.

ఇక నంబరు సంగతి. ఇది పొడుగ్గా రాస్తాను, విసుక్కోకు.

మీ నాన్న డైరీలో ముత్తాత ఆర్మీ నంబరు అని ఒకటి రాసి ఉంది కదా, దాన్ని రాయి మీద పెట్టిస్తున్నావని విన్నాను. అది ఆయన నంబరు కాదు తల్లీ.

ఆయన డిశ్చార్జి సర్టిఫికెట్ 1977 నవంబరు ఉప్పెనలో ట్రంకుపెట్టెతో సహా పోయింది. అది ఉంటే ఇంత కథ లేదు. నంబరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, చేరిన తేదీ, వదిలిన తేదీ, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా అన్నీ అందులోనే ఉంటాయి. పతకాలు మాత్రం అప్పటికే పిల్లలు పంచుకోబట్టి మిగిలాయి. మూడు. 1939–45 స్టార్, బర్మా స్టార్, గుండ్రటి వార్ మెడల్. రెండో ప్రపంచ యుద్ధపు ఈ పతకాలని బ్రిటన్ తన సైనికులకి పేర్లు వేయకుండా ఇచ్చింది. మన సైనికులకి ఇచ్చినవాటి మీద మాత్రం పేర్లు వేసినవి ఉన్నాయి. గుండ్రటి మెడల్‌కైతే అంచు చుట్టూ, నక్షత్రానికైతే వెనకవైపు. నంబరు, హోదా, పేరు, దళం, ఆ వరసలో. అక్షరాల లోతు వెంట్రుకవాసి.

మన ఇంట్లో గోడకి వేలాడిన రెండింటినీ ఏటా ఆగస్టు పదిహేనుకి చింతపండు, బూడిద పెట్టి తోమారు. తర్వాత్తర్వాత ఇత్తడి మెరిపించే పాలిష్ కూడా వాడారు. చింతపండు పులుపు లోహం పై పొరని కరిగిస్తుంది. బూడిదలోనూ పాలిష్‌లోనూ ఉండే గరుకు అక్షరాల అంచుల్ని అరగదీస్తుంది. ఒక్కసారికి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్ళు తోమితే నక్షత్రం వెనక అద్దంలా అయింది, మెడల్ అంచున ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అన్న దళం పేరు ఒక్కటే మిగిలింది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అన్నమాట. ఎవరూ నిర్లక్ష్యంతో చేయలేదు. మా నాయనమ్మ, అంటే ముత్తాత భార్య, తోమినంత భక్తిగా మళ్ళీ ఎవరూ తోమలేదు. ఆ భక్తికే నంబరు పోయింది.

నంబరు లేకుండా ఆర్మీ రికార్డు ఆఫీసుకి రాస్తే వెతకడం కుదరదని జవాబొచ్చింది. ఒకే పేరుతో పదుల మంది ఉంటారు, ఇంటిపేరు ఒక పొడక్షరమై పోతుంది, అప్పల, అప్పన్న, అప్పయ్య అన్నీ ఇంగ్లీషులో ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. అప్పుడు ఇంట్లో ఒకరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతికారు. అదే పేరు, అదే దళం, పక్కనే నంబరు. ఎగిరి గంతేసి డైరీలోకి ఎక్కించారు.

కానీ అది చనిపోయినవాళ్ళ జాబితా. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు పోయినవాళ్ళే అందులో ఉంటారు. మీ ముత్తాత 1946లో ఇంటికొచ్చాడు, ఆ తర్వాత మనవలనెత్తుకున్నాడు. ఆయన పేరు అందులో ఉండే వీలే లేదు. ఆ పేజీలోనే కొంచెం కింద తండ్రి పేరు, జిల్లా కూడా ఉన్నాయి, అవి వేరు. కిందిదాకా ఎవరూ చదవలేదు.

ఆ నంబరు గల మనిషి ఇంటికి రాలేదు బుజ్జీ. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి, సమాధి తెలియనివాళ్ళవి. వాళ్ళలో ఒకడాయన. ఆయనకి లోకంలో మిగిలింది ఆ పేరు, ఆ నంబరు. దాన్ని తెచ్చి మన రాయి మీద చెక్కిస్తే ఎక్కడో ఒక తల్లి కొడుకు గుర్తుని మనం తీసుకున్నట్టు. మీ నాన్న డైరీలో ఆ అంకెని కొట్టేసి, అది ఎవరి నంబరో పక్కన రాయమని చెప్పాను. నువ్వు వెళ్ళినప్పుడు రాశాడో లేదో చూడు.

రెండో భయం చెబుతాను. రాయి మీద "కోహిమాలో జపాన్ సేనల్ని తరిమిన వీరుడు" అని వేయిద్దామని మీ బాబాయి అంటున్నాడట. ముత్తాత లారీ డ్రైవరు. బర్మా స్టార్ ఉంటే కోహిమాలో ఉన్నట్టు కాదు. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 దాకా ఆ రంగంలో పనిచేసినవాళ్ళకి అది వచ్చింది. కోహిమా యుద్ధం 1944 ఏప్రిల్ 4న మొదలై జూన్ 22తో ముగిసింది. దిమాపూర్ రైల్వే నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కి పోయే, జపాన్ వాళ్ళు మూసేసిన బాట ఆ 22న, 109వ మైలురాయి దగ్గర తెరుచుకుంది. ఆయన లారీ ఆ బాటన నడిచిందో లేదో ఆయన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నంబరు దొరికితే తెలుస్తుంది. ఆ రంగంలోని దళాల యుద్ధ డైరీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 వరసలో ఉన్నాయి. దొరక్కపోతే "బర్మా రంగం" అని మాత్రం రాయించు. బియ్యం, తుపాకీ గుళ్ళు, పెట్రోలు కొండదారిలో మోసిన మనిషికి ఇంకొకరి వీరత్వం అప్పు తేవడమెందుకు? డ్రైవర్ అన్న మాట రాయి మీద ఉండాలి. బాబాయికి నేను చెబుతాను, నువ్వు వాదించకు.

ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "కోహిమాకి వెళ్ళాడా" అని అడగకు, అవునంటారు. ఏం తెచ్చాడు, ఏ హిందుస్తానీ మాటలు వాడేవాడు, ఏ చప్పుడుకి ఉలిక్కిపడేవాడు అని అడుగు. ఫోన్‌లో రికార్డు చేస్తూ మొదట తేదీ, వాళ్ళ పేరు పలికించు. ఉత్తరాలు దొరికితే కవరు ముఖ్యం, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలోని నంబరు, తేదీ కలిపి చూస్తే దళం ఎక్కడుందో పట్టుకోవచ్చు. ఆయన జీతంలో భాగం ఇంటికి మనియార్డరుగా వచ్చేది. ఆ కూపన్లని నాయనమ్మ రామాయణంలో దాచేది. ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో కనుక్కో. నాలుగేళ్ళు ఆ కూపన్లని బట్టే భర్త బతికున్నాడని తెలుసుకున్న మనిషి ఆవిడ. పుస్తకంలో ఆవిడకి ఒక పేజీ పెట్టు.

మన ఊరి నుంచి ఆయనతో పోయి తిరిగిరానివాళ్ళున్నారు. వాళ్ళకైతే గ్రేవ్స్ కమిషన్ జాబితాయే సరైన చోటు. ఊరి పేరుతో, దివి తాలూకాతో, జిల్లాని కృష్ణా అనీ అప్పటి స్పెల్లింగులో కిస్ట్నా అనీ రెండు రకాలుగా వెతుకు. తండ్రి పేరు కలిస్తేనే తీసుకో. వాళ్ళ పేర్లు మన రాయి మీద పైన రావాలి, ముత్తాత పేరు కింద. "వీరమరణం" అన్న మాట వాళ్ళకే.

ఇక అసలు పని. మూడో పతకం, బర్మా స్టార్, మీ మేనత్త దగ్గర గుడ్డమూటలో ఉంది. ఎవరూ తోమలేదు, నల్లబడి ఉంది. నంబరంటూ మిగిలి ఉంటే దాని వెనకే. నువ్వు వస్తున్నావని తెలిసి అత్తయ్య మెరిపించి ఇద్దామనుకుంటుంది, ఆవిడ మనసు నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చెయ్యి, ముట్టుకోవద్దని చెప్పు.

వెళ్ళాక అంచులు పట్టుకుని తియ్యి. పొడి మెత్తని కుంచెతో ధూళి మాత్రం దులుపు, నీళ్ళు వద్దు. రిబ్బను ఊడదీయకు, ఉతకకు, అసలు రంగులు మడత లోపల ఉంటాయి. గది చీకటి చేసి, టార్చిని పక్క నుంచి దాదాపు నేలబారుగా పట్టు. పై నుంచి వెలుతురు వేస్తే అరిగిన అక్షరం కనబడదు, పక్క నుంచి వేస్తే గాడిలో నీడ నిలుస్తుంది. పతకాన్ని కదపకుండా టార్చిని చుట్టూ తిప్పుతూ ఎనిమిది ఫొటోలు తియ్యి. 3కీ 8కీ, 1కీ 7కీ తేడా ఒక్క ఫొటోలో తేలదు. నువ్వు చదివింది ఒక కాగితం మీద రాయి, అత్తయ్య కూతురు చదివింది ఇంకో కాగితం మీద రాయించు, ఒకరిది ఒకరు చూడకుండా. తర్వాత ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టు. రబ్బరు బ్యాండు వేయకు, అందులోని గంధకం లోహాన్ని తినేస్తుంది. ప్లైవుడ్ చెక్కకి ఫెవికాల్‌తో అతికించి ఫ్రేము కట్టించకు.

రెండు కాగితాలూ కలిస్తే అప్పుడు రికార్డు ఆఫీసుకి రాద్దాం. ఆ కోర్ ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్, మనవైపు వాళ్ళ రికార్డులు బెంగళూరులో చూస్తారు. నంబరు, తండ్రి పేరు, పాత తాలూకా, మనకి ఆయనేమవుతాడో రుజువు, అన్నీ నకళ్ళే, స్పీడ్ పోస్టులో. అదీ కుదరకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నాయనమ్మ సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఉందేమో అడుగుదాం. కలవకపోతే రాయి మీద నంబరు చోటు ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ చోటులో తర్వాతైనా చెక్కించవచ్చు.

అత్తయ్యకి ఇవాళే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న