బియ్యం సంగతి సరే, పిన్ ఎవరికి చెప్పారు?

ప్రశ్న: బకెట్‌లో పడిన ఫోన్‌ని వెంటనే తీసి, తుడిచి, రెండు రోజులు బియ్యంలో పెట్టాను. ఆన్ అయితే హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా వారానికి స్క్రీన్ నల్లబడి మళ్లీ వెలగలేదు. ఇంకో రెండు రోజులు బియ్యంలో ఉంచితే బతికేదా?

జవాబు: నెల రోజులు ఉంచినా బతికేది కాదు. ఈ ప్రశ్న రాని వారం లేదు. ఎన్నిసార్లు రాసినా బియ్యం మీద జనానికున్న నమ్మకం మాత్రం చెక్కుచెదరదు. గింజలు గాలిలోని తేమను కాస్త పీల్చుకునే మాట నిజమే. కానీ నీళ్లున్నది ఫోన్ లోపల, బోర్డు మీద బిగించిన రేకు మూతల కింద. బియ్యం అక్కడిదాకా ఎలా పోతుంది? పైగా మూత పెట్టిన డబ్బాలో గాలి ఆడదు. బల్ల మీద ఫ్యాన్ గాలికి వదిలేసిన ఫోనే ముందు ఆరుతుంది. నూక రేణువులు లోపలికి పోయి ఫోన్ పాడవుతుంది, బియ్యంలో పెట్టొద్దని 2024 మొదట్లో ఒక పెద్ద ఫోన్ల కంపెనీయే తన సహాయ పేజీలో రాసింది. ‘మాది బియ్యంలో పెడితేనే బాగైంది’ అంటారా? అది ఉత్త బల్ల మీద పెట్టినా బాగయ్యేదే.

మీ ఫోన్‌ని చంపింది నీళ్లు కాదు, తడి ఉండగానే పారిన కరెంటు. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి. 4 వోల్టులకు అటూ ఇటూగా ఉండే బ్యాటరీ కరెంటు దానికి తోడైతే బోర్డు మీద రాగి ఒకచోట కరుగుతుంది, పక్కన పేరుకుంటుంది. ఇది ఒక్క పూటలో కనిపించదు. అందుకే మొదటి వారం ఫోన్ బాగానే పనిచేసినట్టు ఉంటుంది.

ఒకసారి తడిసిన నా ఫోన్‌ని మెకానిక్ విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. బ్యాటరీ కనెక్టర్ పక్కన ఆకుపచ్చగా, బూజు పట్టినట్టు చిలుము. రాగి చెంబుకి పట్టినట్టే ఉంది. అతను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో మెల్లగా రుద్దాడు. ఇసుక రేణువంత భాగం ఒకటి బ్రష్‌తోపాటే ఊడి వచ్చింది. దాన్ని పట్టి ఉంచిన టంకాన్ని చిలుము ఎప్పుడో తినేసింది. అప్పటికి ఫోన్ తడిసి తొమ్మిది రోజులు. మొదటి రోజే తెచ్చుంటే కడిగి ఇచ్చేసేవాడినన్నాడు.

కాబట్టి చేయాల్సింది ఆరబెట్టడం ఒక్కటే కాదు. ఆఫ్ చేశాక, పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి. ఒక్క రోజులోపు ఎవరి చేతైనా విప్పించి, బ్యాటరీ తీగ ఊడదీయించి, బోర్డు శుభ్రం చేయించండి. సముద్రపు నీళ్లో సబ్బు నీళ్లో అయితే ఆ ఒక్క రోజు కూడా ఆగకండి. హెయిర్ డ్రయర్ వేడికి జిగురు మెత్తబడుతుంది, గాలికి నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఇక ఫోన్ ఆశ వదిలేసి ముందు దాన్ని మంచం మీద నుంచి తీసేయండి.

ఒకప్పుడు వెనక మూత తీసి బ్యాటరీ లాగేస్తే సగం ప్రమాదం తప్పేది. ఇప్పుడు బ్యాటరీని జిగురుతో అతికించి పెడుతున్నారు. ఆఫ్ చేసినా కరెంటు పంచే చిప్ దాకా బ్యాటరీ కలిసే ఉంటుంది. పలచని ఫోన్ కోసం మనం చెల్లించిన మూల్యాల్లో ఇదొకటి.

ప్రశ్న: నాది ఐపీ68 ఫోన్. కొని రెండేళ్లయింది. వానలో తడిసి పాడైపోయింది. సర్వీస్ సెంటర్‌లో వారంటీ వర్తించదన్నారు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం అనను. కానీ ఆ అంకెను అమ్మే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐపీ అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా ఫోన్ ఎంతవరకు ఆపగలదో చెప్పే రేటింగ్. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 7 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకు మించి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారుచేసినవాళ్లే చెప్పుకోవచ్చు. పరీక్ష జరిగేది కొత్త ఫోన్ మీద, కదలని మంచినీళ్లలో. వేగంగా చిమ్మే నీటికి 5, 6 అని వేరే పరీక్షలున్నాయి. 8 ఉన్నంత మాత్రాన అవి పాసైనట్టు కాదు. రెండేళ్లు జేబులో వంగి, రెండుసార్లు కింద పడి, ఒకసారి స్క్రీన్ మార్పించుకున్న ఫోన్‌లో ఆ జిగురు, రబ్బరు కొత్తలో ఉన్నట్టు ఉంటాయా?

ప్రకటనలో ఫోన్‌తో ఈత కొడతారు. వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో నీటి వల్ల జరిగే నష్టానికి బాధ్యత లేదంటారు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే పెట్టే సందులో ఒక తెల్ల చుక్క ఉంటుంది. నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటర్‌లో మొదట టార్చి వేసి చూసేది దాన్నే. నీటికి తట్టుకుంటుందని చెప్పి అమ్మినవాళ్లే, నీళ్లు తగిలాయని పట్టుకోవడానికి లోపల చుక్క పెట్టారన్నమాట! ఫోన్ ఏదైనా, ఐపీ అంకె ఎంతైనా, నీళ్లకు తట్టుకోదనుకునే వాడండి.

ప్రశ్న: స్పీకర్‌లో చేరిన నీళ్లు తీసే యాప్ వేసుకోమన్నారు. పనిచేస్తుందా?

జవాబు: లోతైన బేస్ శబ్దానికి స్పీకర్ అదిరి, జాలీలోని నీటి బొట్లు బయటికి వస్తాయి. కొన్ని వాచీలు ఈ పని వాటంతట అవే చేసుకుంటాయి. దానికి కావాల్సింది ఒక శబ్దం, అంతే. కాంటాక్టులు, మెసేజ్‌లు, యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగే యాప్ అయితే వెంటనే తీసేయండి. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే అది మీ స్క్రీన్ చదవగలదు, మీ తరఫున బటన్లూ నొక్కగలదు.

ప్రశ్న: తడిసిన ఫోన్ రిపేరుకిచ్చాను. టెస్ట్ చేయడానికి ప్యాటర్న్ కావాలంటే కాగితం మీద గీసిచ్చాను. పర్వాలేదు కదా?

జవాబు: పర్వాలేదని ఎలా అంటాను? ఫోన్ పోతే ఇంకొకటి కొనుక్కుంటారు. ఆ కాగితాన్ని ఫోన్ వెనకాలే అతికించి, ఇంకో ఇరవై ఫోన్లతో కలిపి ట్రేలో పడేస్తారు. మంచి మెకానిక్ అయినా సరే, ఆ ట్రే ముందు నుంచి ఎంతమంది వెళ్తారో ఆలోచించండి.

లాక్ తెరుచుకుంటే మీ మెయిల్ తెరుచుకున్నట్టే. మెయిల్ చేతిలో ఉంటే బ్యాంకు పాస్‌వర్డ్ మార్చొచ్చు, దానికొచ్చే ఓటీపీ కూడా అదే ఫోన్‌కి వస్తుంది. పిన్ తెలిస్తే సెట్టింగ్స్‌లో ఇంకో వేలిముద్ర చేర్చుకోవచ్చు. చాలా ఫోన్లలో దాచిపెట్టిన పాస్‌వర్డులన్నీ ఆ పిన్‌తోనే తెరుచుకుంటాయి. బోర్డు కడగడానికి, బ్యాటరీ మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. ఫోన్ వెలిగాక మీరే వెళ్లి, మీ చేత్తో లాక్ తీసి, ఎదురుగా నిలబడి టెస్ట్ చేయించుకోండి. ఫోన్ ఆన్ అవుతుంటే రిపేర్ మోడ్ ఉందేమో చూడండి. మీ డేటా కనపడకుండా టెస్ట్ చేసుకోనిస్తుంది.

సిమ్ తీయకుండా ఇచ్చేవాళ్లు మరీ ఎక్కువ. దాన్ని వేరే ఫోన్‌లో వేస్తే చాలు, మీ ఓటీపీలు అక్కడికొస్తాయి. ఏ ప్యాటర్నూ అడ్డు రాదు. సిమ్‌కే విడిగా పిన్ పెట్టుకునే సదుపాయం ఎప్పటినుంచో ఉంది, పెట్టుకునేవాళ్లే లేరు. పెట్టే ముందు, సిమ్‌తో పాటే వచ్చిన పిన్ ఏమిటో ఆపరేటర్‌ని అడగండి. మామూలుగా మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయిపోయి పీయూకే, అంటే ఆ లాక్ తీసే కోడ్, అడుగుతుంది. ఈ-సిమ్ అయితే ఊడదీయలేరు కాబట్టి వేరే ఫోన్‌కి మార్పించుకోండి.

ఫొటోల కోసం చిప్ విప్పి చదివిస్తామనేవాళ్లను నమ్మకండి. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. దాని తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు కాసేపైనా ప్రాణం పోసుకుంటేనే ఏదైనా బయటికొస్తుంది. చచ్చిన ఫోనే కదా అని విడిభాగాలకు ఇచ్చేసేవాళ్లూ ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరు చచ్చిందనుకున్న బోర్డుని ఇంకొకరు కడిగి లేపగలరు. పిన్ ఎవరికీ తెలియకపోతే అది లాక్ స్క్రీన్ దగ్గరే ఆగుతుంది. వెనకాల కాగితం ఉంటే ఆగదు. దూరం నుంచి డేటా చెరిపే ఆదేశం ఇవ్వండి. ఫోన్ నెట్‌కి తగిలినప్పుడే అది అమలవుతుంది, అయినా ఇవ్వండి.

ప్యాటర్న్ ఇప్పటికే ఇచ్చేశారు కాబట్టి, ఫోన్ చేతికి రాగానే దాన్ని మార్చండి. మీవి కాని వేలిముద్రలుంటే తీసేయండి. వేరే కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, లాగిన్ అయిన డివైజ్‌ల లిస్టు చూసి, పాస్‌వర్డ్ మార్చండి. ఈలోగా సొరుగులో నుంచి తీసిన పాత ఫోన్ కాల్స్ వరకు పనికొస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన దానిలో బ్యాంకు యాప్ మాత్రం వేయకండి.

ప్రశ్న: ఛార్జింగ్ పోర్ట్‌లో తేమ ఉందని హెచ్చరిక వస్తోంది. అయినా ఛార్జ్ చేయమనే బటన్ కూడా చూపిస్తోంది. నొక్కనా?

జవాబు: నొక్కకండి. ఆ బటన్ పెట్టినవాడిని నాకు చూపించండి. పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, గాలి తగిలేచోట వదిలేయండి. రెండు రోజులైనా హెచ్చరిక పోకపోతే అది తేమ కాకపోవచ్చు. టార్చి వేసి లోపలికి చూడండి. చిలుము ఉండొచ్చు, జేబులోని నూలు పోగులుండొచ్చు, బియ్యపు గింజ ఇరుక్కుని ఉండొచ్చు. టైప్-సి పోర్ట్ అయితే అందులో 24 కాంటాక్టులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి సూదితో కెలక్కండి. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో తీయండి.