కారు లీజు: రెసిడ్యుయల్ ఎవరు పెడతారు, వడ్డీ ఎక్కడ ఉంటుంది?

అమెరికాలో కారు లీజుకు తీసుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. పోల్చుకోవడం తేలికవుతుందని లెక్కలన్నీ ఒకే కారు మీద వేశాం. స్టికర్ ధర, అంటే తయారీదారు కారు మీద అంటించే ధర, 40,000 డాలర్లు. బేరమాడాక 37,300. దానికి లీజు కంపెనీ (డీలరు దగ్గర కారు కొని మీకు లీజుకిచ్చే బ్యాంకు లాంటి సంస్థ) అక్విజిషన్ ఫీజు, అంటే లీజు మొదలుపెట్టడానికి వేసే రుసుము, 700 కలిపితే 38,000. గడువు 36 నెలలు. రెసిడ్యుయల్, అంటే గడువు ముగిసేసరికి కారుకు కాంట్రాక్టులో కట్టే విలువ, స్టికర్ ధరలో 60 శాతం: 24,000. పన్ను కలపలేదు.

ప్రశ్న: సరిగ్గా ఇలాంటి కారుకే డీలరు నెలకు 538 డాలర్లు అన్నాడు. మా తోడల్లుడు ఇంకో డీలరు దగ్గర 513కే తీసుకున్నాడు. కారు ధర ఇద్దరికీ ఒకటే, క్రెడిట్ స్కోరూ ఇంచుమించు ఒకటే. అడిగితే "రేటూ రెసిడ్యుయలూ బ్యాంకు పెట్టేవి, మా చేతిలో ఏమీ లేదు" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. రెసిడ్యుయల్ లీజు కంపెనీ పంపే పట్టికలో ఉంటుంది. డీలరు దాన్ని ఒక్క డాలరు కూడా అటూ ఇటూ జరపలేడు, దాని మీద బేరమాడి లాభం లేదు. వడ్డీ అలా కాదు. లీజు కంపెనీ డీలరుకు చెప్పే అసలు రేటును బై రేట్ అంటారు. దాని మీద డీలరు కొంత కలుపుకోవచ్చు, ఆ తేడాలో వాటా అతనికి వస్తుంది. ఎంత వరకు కలపవచ్చో కంపెనీని బట్టి మారుతుంది. తరచూ కనిపించే హద్దు 0.0004.

ఇంత చిన్న అంకె ఏమిటంటారా? లీజులో వడ్డీని శాతంలో చెప్పరు, మనీ ఫ్యాక్టర్‌లో చెబుతారు. దాన్ని 2400తో గుణిస్తే మనకు అలవాటైన వార్షిక వడ్డీ వస్తుంది. 0.0020 అంటే 4.8 శాతం, 0.0024 అంటే 5.76 శాతం. ఇప్పుడు మీ కారు లెక్క చూడండి.

తరుగుదల: 38,000 లోంచి 24,000 తీసేస్తే 14,000. 36తో భాగిస్తే నెలకు 388.89.
వడ్డీ: 38,000, 24,000 కలిపితే 62,000. 0.0020తో గుణిస్తే నెలకు 124.
మొత్తం 512.89. మీ తోడల్లుడి వాయిదా ఇదే.

మనీ ఫ్యాక్టర్ 0.0024 చేసి చూస్తే వడ్డీ 148.80, వాయిదా 537.69. మీకు చెప్పింది ఇదే. నెలకు 24.80 తేడా, మూడేళ్లకు 892.80. ఇలా కలపడం చట్టవిరుద్ధమేమీ కాదు, కానీ "మా చేతిలో లేదు" అనడం మాత్రం అబద్ధం. "బై రేట్ ఎంత, మీరు ఎంత కలిపారు?" అని ఈ మాటల్లోనే అడగండి. రేటు తగ్గించి, ఆ మేరకు కారు ధర పెంచే వాళ్లూ ఉంటారు. అందుకే కొత్త కొటేషన్‌లో అమ్మకం ధర గడిని మళ్లీ చూడాలి.

ప్రశ్న: కాంట్రాక్టు అంతా వెతికాను, వడ్డీ రేటు ఎక్కడా రాయలేదు. ఇది పద్ధతేనా?

జవాబు: పద్ధతే. లీజులకు వర్తించే ఫెడరల్ నియమం, రెగ్యులేషన్ ఎం, రేటును రాయమనదు. అడ్జస్టెడ్ క్యాపిటలైజ్డ్ కాస్ట్ (లీజు లెక్క మొదలయ్యే మొత్తం, మన ఉదాహరణలో 38,000), రెసిడ్యుయల్, తరుగుదల, రెంట్ చార్జ్ ఇవి డాలర్లలో ఉండాలంటుంది. రెంట్ చార్జ్ అంటే మొత్తం గడువుకు మీరు కట్టే వడ్డీ. ఆ నాలుగు అంకెలుంటే రేటు మీరే తీయవచ్చు: రెంట్ చార్జ్‌ని నెలల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ (అడ్జస్టెడ్ కాస్ట్ + రెసిడ్యుయల్) మొత్తంతో భాగించండి. పై ఉదాహరణలో రెంట్ చార్జ్ 5,356.80 అని ఉంటే, 36తో భాగిస్తే 148.80, 62,000తో భాగిస్తే 0.0024. సంతకం పెట్టే బల్ల దగ్గర ఫోన్‌లో అర నిమిషం పని.

ప్రశ్న: రెసిడ్యుయల్ మొత్తం నేను కట్టడం లేదు, కారు తిరిగిచ్చేస్తాను. మరి దాన్ని కూడా కలిపి వడ్డీ వేయడం రెండుసార్లు వసూలు చేయడం కాదా?

జవాబు: చాలామందికి వచ్చే అనుమానమే, కానీ కాదు. లీజు కంపెనీ డీలరుకు చెల్లించింది 37,300, దానికి తన ఫీజు 700 కలిపి మీ లెక్కలో రాసుకున్నది 38,000; మీరు వాడే 14,000 కాదు. మొదటి రోజు దాని లెక్కలో మీ కారు మీద 38,000 ఉంది. చివరి రోజు ఇంకా 24,000 ఉంది. ఈ రెండింటి సగటు మీద వడ్డీ వేయాలి: రెండూ కలిపి 2తో భాగించాలి. వార్షిక రేటును నెలకు తేవడానికి 12తో, శాతాన్ని మామూలు సంఖ్య చేయడానికి 100తో భాగించాలి. 2 × 12 × 100 = 2400. ఈ మూడు భాగహారాలూ ముందే చేసేసి పెట్టిన రేటే మనీ ఫ్యాక్టర్. కూడిక చూస్తే రెండుసార్లు వసూలు చేసినట్టు కనిపించేది అందుకే.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. రెసిడ్యుయల్ పెరిగితే తరుగుదల తగ్గుతుంది గానీ వడ్డీ కొద్దిగా పెరుగుతుంది. మన కారుకు రెసిడ్యుయల్ ఒక శాతం, అంటే 400 డాలర్లు పెరిగితే తరుగుదల నెలకు 11.11 తగ్గుతుంది, వడ్డీ 0.80 పెరుగుతుంది. నికరంగా తగ్గేది 10.31.

ప్రశ్న: ఒకే ధర ఉన్న రెండు ఎస్‌యూవీల్లో ఒకదానికి రెసిడ్యుయల్ 63 శాతం, ఇంకోదానికి 52. ఇది ఎలా తేలుస్తారు? 63 ఉన్నది మంచి కారని అర్థమా?

జవాబు: మూడేళ్ల తర్వాత టోకు వేలంలో ఆ కారు ఎంతకు పోతుందన్న అంచనా ఇది. ముందు మ్యాన్‌హైమ్ వంటి వేలం సంస్థల్లో ఇప్పుడు మూడేళ్ల వయసున్న అదే మోడల్ ఎంతకు పోతోందో చూస్తారు. ఇలాంటి అంచనాలే వృత్తిగా 1964 నుంచీ నడుస్తున్న ఏఎల్‌జీ ఇప్పుడు జేడీ పవర్ చేతిలో ఉంది. దాని అంకెలను ప్రాతిపదికగా తీసుకుని, లీజు కంపెనీలు తమ సొంత అమ్మకాల అనుభవంతో సవరించుకుంటాయి.

కారు చెడిపోకుండా నడవడం ఒక లెక్కే, కానీ దాన్ని మించినవి ఉన్నాయి. కొత్త కారు మీద తయారీదారు తరచూ 4,000, 5,000 రిబేటు ఇస్తుంటే పాతదాని ధరా కిందికి దిగుతుంది. అద్దె కార్ల కంపెనీలకు గుత్తగా అమ్మిన మోడళ్లు ఒకేసారి వేలానికి వచ్చి పడతాయి. మరుసటి ఏడాది కొత్త రూపం వస్తోందంటే ఇప్పటి రూపానికి రెండు మూడు శాతం కోత పడొచ్చు. ఖరీదైన ఆప్షన్లకు పాత కార్ల మార్కెట్లో వాటి ధరలో కొంతే తిరిగి వస్తుంది. అందుకే ఎంత స్టికర్ ధర వరకు రెసిడ్యుయల్ లెక్క కట్టాలో ఒక గరిష్ఠ పరిమితి పెడతారు.

డీలరు తానే బిగించే పెయింట్ కోటింగు, అద్దం మీద చెక్కిన నంబరు లాంటి వాటికి రెసిడ్యుయల్ సాధారణంగా సున్నా. వాటికి 1,800 డాలర్లు వేశాడనుకోండి, మొత్తం 36 నెలల్లో అరిగిపోవాలి: నెలకు 50, పైన వడ్డీ 3.60. కొటేషన్‌లో వీటిని కొట్టేయించడమే అన్నిటికన్నా సులువైన ఆదా.

అంచనా తప్పితే నష్టం లీజు కంపెనీది. 2008లో పెట్రోలు ధర మండిపోయి పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీల ధర పడిపోయినప్పుడు ఫోర్డ్ క్రెడిట్ తన లీజుల మీద 2.1 బిలియన్ డాలర్ల విలువ తగ్గించి రాసుకుంది. క్రైస్లర్ ఫైనాన్షియల్ ఆ ఆగస్టు నుంచి అమెరికాలో లీజులే ఆపేసింది. 2023 జనవరిలో టెస్లా కొత్త కార్ల ధర తగ్గించగానే పాత ఎలక్ట్రిక్ కార్ల విలువా దిగింది. ఇలాంటి దెబ్బలు తిన్నాక కంపెనీలు సంబంధిత మోడళ్లకు అంకె తక్కువ పెట్టడం సహజం.

ఇక అసలు మెలిక. పట్టికలో కనిపించే 63 శాతం నిజమైన అంచనా కాకపోవచ్చు. కారు కదలడం లేదనుకుంటే తయారీదారు తన జేబులోంచి డబ్బు వేసి రెసిడ్యుయల్‌ను కృత్రిమంగా పెంచుతాడు. అదే డబ్బుతో మనీ ఫ్యాక్టర్ తగ్గించవచ్చు, రిబేటు ఇవ్వవచ్చు. వాయిదాలో మూడూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకటి కావు. మన కారుకు రెసిడ్యుయల్ 60 నుంచి 64 చేశారనుకోండి. వాయిదా నెలకు 41.24 తగ్గుతుంది, మొత్తం 1,484.64. కారు తిరిగిచ్చేవారికి ఇది అచ్చమైన లాభం. చివర్లో కొనేసేవారికి కొనుగోలు ధర 1,600 పెరుగుతుంది, అంటే లాభం లేకపోగా 115 డాలర్లు ఎదురు కట్టినట్టు. మనీ ఫ్యాక్టర్ 0.0020 నుంచి 0.0010కి దించితే నెలకు 62 చొప్పున 2,232 ఆదా, కొన్నా తిరిగిచ్చినా. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు రెసిడ్యుయల్ ఎక్కువున్న లీజుకు మురిసిపోకండి.

ప్రశ్న: ఫెడ్ వడ్డీ తగ్గించిందని వార్తల్లో చూశాక డీలరు దగ్గరికి వెళ్తే లీజు రేటు పాతదే. ఎందుకని?

జవాబు: ఫెడ్, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు, నిర్ణయించేది బ్యాంకుల మధ్య ఒక రాత్రి అప్పు రేటు. లీజు కంపెనీకి కావలసింది రెండు మూడేళ్లకు డబ్బు. బాండ్లు, లీజులను గుత్తగా తాకట్టుగా చూపి అమ్మే సెక్యూరిటీల ద్వారా అది సమకూర్చుకుంటుంది. ఆ రేట్లు ఫెడ్ ప్రకటనకు ముందే కదలవచ్చు, తర్వాత కదలకపోనూవచ్చు. దాని మీద మీ క్రెడిట్ తరగతి, గడువు, తయారీదారు సబ్సిడీ. ఆఖరిది ఒక్క నెలలోనే రేటును తారుమారు చేయగలదు. పట్టికలు సాధారణంగా నెల మొదట్లో మారతాయి, కాబట్టి నెలాఖరున వచ్చిన కొటేషన్‌ను మరుసటి వారం చూపిస్తే చెల్లకపోవచ్చు. అప్రూవల్ నాటి రేటును కొన్నాళ్లు నిలిపి ఉంచే కంపెనీలూ ఉన్నాయి, ముందే అడగండి.

ప్రశ్న: 3,000 డాలర్లు డౌన్ కడితే వాయిదా బాగా తగ్గుతుందంటున్నారు. కట్టమంటారా?

జవాబు: వద్దు. వాయిదా నెలకు 89 డాలర్లు తగ్గుతుంది నిజమే, కానీ అందులో 83 మీ డబ్బే మీకు వెనక్కి వస్తోంది. వడ్డీలో నికర ఆదా నెలకు 6 డాలర్లు, మూడేళ్లకు 216. రెండో నెలలోనే ప్రమాదం జరిగి కారు పనికిరాకుండా పోయిందనుకోండి. బీమా కంపెనీ మార్కెట్ విలువను లీజు కంపెనీకి ఇస్తుంది. బాకీ ఇంకా మిగిలితే, గ్యాప్ కవరేజి ఉంటే అది భరిస్తుంది. మీ 3,000 మాత్రం ఎవరూ ఇవ్వరు. చేతిలో డబ్బుంటే, తిరిగి వచ్చే సెక్యూరిటీ డిపాజిట్లు ఎక్కువ కట్టించుకుని అందుకు బదులు మనీ ఫ్యాక్టర్ తగ్గించే పద్ధతి మీ కంపెనీలో ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: 10,000 మైళ్లా, 15,000 మైళ్లా? ఏడాదికి ఎంత తిరుగుతామో సరిగ్గా చెప్పలేం.

జవాబు: మైళ్లు తక్కువైతే రెసిడ్యుయల్ ఎక్కువ; ఈ రెండింటికీ మధ్య తేడా చాలా పట్టికల్లో రెండు మూడు శాతం. మన కారుకు అది నెలకు 21 నుంచి 31 డాలర్లు. ఒప్పందం దాటి తిరిగిన మైలుకు మామూలుగా 15 నుంచి 30 సెంట్లు పడుతుంది. 25 సెంట్ల లెక్కన ఏటా 1,500 మైళ్లు దాటితే 375 డాలర్లు. మీ పాత కారు సర్వీసు రసీదుల్లో ఓడోమీటరు అంకెలుంటాయి, వాటితో లెక్కేయండి.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాం. అవే అంకెలతో కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలికి మాకన్నా తక్కువ పడింది.

జవాబు: తేడా పన్నులో ఉంది. కాలిఫోర్నియాలో నెలవారీ వాయిదా మీద పన్ను. టెక్సస్‌లో కారు మొత్తం ధర మీద 6.25 శాతం: 37,300కు 2,331.25. చట్టప్రకారం అది లీజు కంపెనీ కట్టాల్సినదే అయినా మీ ఖాతాలోకి నెడుతుంది. కొన్ని కంపెనీల దగ్గర ఈ పన్నును తగ్గించే టెక్సస్ ట్యాక్స్ క్రెడిట్లు ఉంటాయి. ఏ నెలలో, ఏ మోడల్‌కు ఇస్తున్నారో అడిగాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: లీజు వచ్చే నెల ముగుస్తుంది. కాంట్రాక్టులో రెసిడ్యుయల్ 24,000, బయట ఇలాంటి కారు 20,500కే దొరుకుతోంది. కారు మాకు నచ్చింది. తగ్గించమంటే తగ్గిస్తారా?

జవాబు: అడగడంలో తప్పు లేదు, కానీ చాలా కంపెనీలు ససేమిరా అంటాయి. మీది క్లోజ్డ్ ఎండ్ లీజు (గడువు చివర కారు విలువ పడినా ఆ భారం కంపెనీదే అయ్యే లీజు) అయితే 3,500 నష్టం మీది కాదు. తాళాలు ఇచ్చేసి, డిస్పొజిషన్ ఫీజు (కారు తిరిగిచ్చినప్పుడు వేసే రుసుము), ఉంటే అదనపు మైళ్లు, గీతలూ సొట్టలకు చార్జీలు కట్టి బయటపడవచ్చు. 24,000 పెట్టి ఇదే కారు కొనడం కన్నా బయట అలాంటిదే 20,500కు కొనడం మేలు.

దీనికి తిరగబడిన పరిస్థితి 2021లో వచ్చింది. పాత కార్ల ధరలు ఎగబాకడంతో రెసిడ్యుయల్ కన్నా మార్కెట్ ధరే ఎక్కువైంది. వేరే డీలరుకు అమ్మి లాభం తీసుకోబోయినవాళ్లకు పలు లీజు కంపెనీలు అడ్డుకట్ట వేశాయి. మీరు సొంత పేరు మీద కొనుక్కోవడానికి ఒక ధర, బయటి డీలరు కొనడానికి వేరే ధర పెట్టే కంపెనీలు ఉన్నాయి. కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు రెండు పేఆఫ్ కొటేషన్లూ (లీజు తీర్చి కారు కొనడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితాలు) రాతపూర్వకంగా తెప్పించుకుని, కొనుగోలు ఫీజు వాటిలో కలిసి ఉందో లేదో చూడండి. నష్టాల తనిఖీని గడువుకు నాలుగైదు వారాల ముందే చేయించుకుంటే, టైర్లలాంటివి బయట చవకగా మార్చుకునే వ్యవధి ఉంటుంది.